రంగం కథకు ఊ కొట్టనన్న రోజు

నా చిన్నప్పుడు మా ఇంట్లో కథ ఊరికే వచ్చేది కాదు. వినేవాళ్ళు ఊ కొట్టాలి. మా నాయనమ్మ ఒక ముక్క చెప్పి ఆగేది. మేం ‘ఊ’ అంటేనే రెండో ముక్క. ఎవరూ ఊ అనకపోతే కథ అక్కడే నిలిచిపోయేది. గుర్రం ఎక్కబోతున్న రాజుగారు ఒంటికాలి మీద ఉండిపోవాల్సిందే.

ఇదంతా ఇప్పుడెందుకు రాస్తున్నానంటే, నాకు మతిమరుపు మొదలైందని ఇక్కడ ఖతర్‌లో డాక్టరు తేల్చి చెప్పాడు. ఆయన చెప్పకపోతే నాకు తెలియదా? పోయిన నెల ఇంటి ఎదురు బకాలా కొట్టులో పెరుగు కొని బయటికొచ్చి, ఎదురుగా ఉన్న మా బిల్డింగు ఏదో తెలియక మా పేట అల్ వుకైర్ ఎండలో నిలబడిపోయాను. అమ్మాయి ఆఫీసులో ఉంది, అల్లుడు రాస్ లఫాన్ గ్యాస్ ప్లాంటులో డ్యూటీలో ఉన్నాడు. చివరికి ఆ కొట్టతనే నన్ను లిఫ్టు దాకా తీసుకొచ్చి దింపాడు. ఇల్లు మరిచిపోయినా ఫరవాలేదు, ఎవరో ఒకరు దింపుతారు. నేను మరిచిపోకూడనిది ఒక మనిషి పేరు. మొన్నమొన్నటిదాకా ఆ పేరు తెలిసినవాళ్ళలో మిగిలింది నేనొక్కదాన్నే.

అతను మా నాయనమ్మ తమ్ముడు. వాళ్ళిద్దరూ వయసులో ఉండగా మా తాతయ్యతో కలిసి ఓడెక్కి రంగం వెళ్ళారు. బర్మాలోని రంగూన్‌ని మావాళ్ళు అలాగే అనేవారు. ఈ రోజు ఖతర్ అయినా కువైట్ అయినా ఊళ్ళోవాళ్ళకి అంతా దుబాయే అయినట్టు, అప్పుడు సముద్రం అవతల ఏదైనా రంగమే. అక్కడి రేవులో మగవాళ్ళు ఓడల్లోకి బస్తాలు మోసేవారు. కొన్నేళ్ళకి మా తాతయ్య జ్వరంతో పోయాడు. తమ్ముడు కూడా తిరిగి రాలేదు. నాయనమ్మ ఒక్కతే పసివాడైన మా నాన్నని ఎత్తుకుని తిరిగొచ్చింది.

ఆవిడ చెప్పే కథల్లో నాకు ప్రాణం రంగం కథే. మధ్యాహ్నం వసారాలో చాప మీద కూర్చుని చింతపండు పిక్కలు తీస్తూ చెప్పేది. రంగంలో ఒకనాడు, రేవులో పని మాదంటే మాదని తెలుగువాళ్ళకీ బర్మావాళ్ళకీ తగువు పుట్టింది. అది ముదిరి, తెలుగు మొహం కనబడితే చాలు, కత్తులూ కర్రలూ పట్టుకుని జనం వెంటపడ్డారు. అప్పుడు మా నాయనమ్మ తమ్ముడు తలగుడ్డని మొహానికి చుట్టుకుని, కళ్ళు మాత్రం కనిపించేలా, ఇంటి కప్పు మీదికి ఎగిరాడు. కప్పు మీంచి కప్పు మీదికి దూకుతూ ఒక్కో భుజాన నలుగురేసి తెలుగువాళ్ళని మోసుకెళ్ళి ఓడెక్కించాడు. కత్తి తగిలినా తెగడు, నీళ్ళలో తోసినా మునగడు. గట్టు మీద నిలబడి అక్క అతన్ని పేరు పెట్టి పిలిచేది. ఆ పిలుపు దగ్గర నాయనమ్మ గొంతు ఎత్తి నిజంగానే పిలిచేది. నేను ఒళ్ళు జలదరించి గట్టిగా ఊ కొట్టేదాన్ని.

నాలుగో తరగతిలోకి వచ్చేసరికి నాకు తెలివి ముదిరింది. మొండితనం ముందు నుంచీ ఉన్నదే. ఒక మధ్యాహ్నం కథ ఓడ దాకా వచ్చాక అడిగాను, అంతమందిని ఎక్కించినవాడు తనెందుకు ఎక్కలేదని. నాయనమ్మ విననట్టే ఇంకో ముక్క చెప్పి ఆగింది. నేను ఊ అనలేదు. ఇదంతా అబద్ధం, పుస్తకంలో ఎక్కడా లేదు, మా మేష్టార్ని కూడా అడిగాను, ఇంక ఊ కొట్టను అన్నాను. ఇంట్లో పెద్దవాళ్ళు ఆవిడ మాటల్ని రంగం కబుర్లు అని నవ్వేవారు. నేనూ ఆ నవ్వే నవ్వాను.

ఆవిడ చేతులు ఆగిపోయాయి. కోప్పడుతుందనుకున్నాను. బతిమాలింది. “ఊ కొట్టవే గుంటా. నువ్వు ఊ కొట్టకపోతే ఆడు ఆ గట్టు మీదే పడుంటాడే.”

నేను పెదాలు బిగించుకుని కూర్చున్నాను. అంత పెద్దావిడ నా ముందు చేతులు జోడించడం చూస్తూ కూడా కూర్చున్నాను. ఆ నిమిషం తలుచుకుంటే ఇప్పటికీ నన్ను నేను చెంపదెబ్బ కొట్టుకోవాలనిపిస్తుంది.

అప్పుడు నాయనమ్మ అసలు జరిగింది చెప్పింది. ఊ కోసం ఆగకుండా చెప్పింది. ఆ రోజు తమ్ముడు రోజూలాగే గంజి తాగి పనికి వెళ్ళాడు. గొడవ మొదలవగానే పక్కింటి బర్మా ఆవిడ పరిగెత్తుకొచ్చి, నాయనమ్మనీ పసివాణ్ణీ తన ఇంట్లో బియ్యం బుట్టల వెనక దాచింది. ఎవరైనా చూసినా తమవాళ్ళనుకోవాలని తన లుంగీ కట్టించి, తాము పూసుకునే చెక్క గంధం చెంపలకి పూసింది. పసివాడు ఏడవకుండా వాడి నోరు మూస్తూ రెండు రోజులు అక్కడే. మూడో రోజు నాయనమ్మ ఏటి గట్టుకి వెళ్ళి వెతికింది. అక్కడ వరసగా పడి ఉన్నవాళ్ళలో తమ్ముణ్ణి మొహం చూసి పోల్చుకోలేకపోయింది. తలగుడ్డ అంచుకి తను కుట్టిన ఎర్రదారం చూసి పోల్చుకుంది.

“ఆడి మొకం సూడనేకపోనాను. తలగుడ్డ తీసి నానే కప్పినాను,” అంది.

అంతవరకూ నేను ఎంతో ఇష్టంగా ఊ కొట్టిన ముసుగు అది. తిరిగొచ్చాక ఆవిడ ఈ సంగతి ఎంతమందికో చెప్పిందట. వినలేక కొందరూ, నమ్మక కొందరూ లేచిపోయారట. ఎగిరినట్టు చెబితే పిల్లలైనా కూర్చుని వింటారని అలా కట్టింది. చెప్పిన ప్రతిసారీ తమ్ముడు ఆ గట్టు మీంచి లేచేవాడు. ఆ రోజు నేను లేవనివ్వలేదు.

నేను ఏడుస్తూ ఊ అన్నాను. చాలాసేపు, ఆవిడ ఏమీ చెప్పకపోయినా, ఊ అంటూనే ఉన్నాను. నాయనమ్మ పోయేదాకా ఆ కథ ఎన్నిసార్లు విన్నానో లెక్క లేదు. మళ్ళీ ఎప్పుడూ ప్రశ్న వేయలేదు.

మరి నేనేం చేశాను? పెళ్ళి, సంసారం, పిల్లల చదువులు అంటూ ఒక్కసారైనా ఆ కథ ఎవరికీ చెప్పలేదు. చెప్పొచ్చులే అనుకున్నాను. ఇక్కడికి వచ్చాక, లేబర్ క్యాంప్ బస్సుల్లో అద్దానికి తల ఆనించి నిద్రపోతూ వెళ్ళే పనివాళ్ళని చూసినప్పుడల్లా అతను గుర్తొచ్చేవాడు. వీళ్ళలో ఎవరికేమైనా అయితే ఎవరి అక్క ఏ గట్టున వెతుక్కోవాలో అనుకునేదాన్ని. అయినా నోరు తెరవలేదు.

రెండు నెలల కిందట ఒక శుక్రవారం మా మనవరాలు టీవీలో ఏదో సీరియల్ చూస్తోంది. ముసుగేసుకుని అన్యాయం మీద దూకే మనిషి కథ. అందులో అమెరికాలోని ఒక నల్లవాళ్ళ పేటని తగలబెడుతున్నారు. “ఇది రియల్‌గా జరిగిందంట అమ్మమ్మా. బుక్స్‌లో లేకుండా చేసేశారంట. ఆ ముసుగాయన ఒక్కడే కల్పన,” అంది. మన ఇంట్లోనూ ఒక ముసుగు మనిషి ఉన్నాడే అనబోయాను. పేరు రాలేదు.

ఎంత కొట్టుకున్నా రాలేదు. అమ్మాయికి చెబితే కంగారు పడకమ్మా అంది. కంగారు పడక ఏం చేయను? ఆ పేరు ఏ కాగితం మీదా లేదు. చివరికి వంటింట్లోంచి చింతపండు పొట్లం తెచ్చి మనవరాలి ఎదుట చతికిలబడ్డాను. పిక్కలు తీసేసి అమ్మిన చింతపండే, అయినా వేళ్ళకి ఏదో పని కావాలి. “నేను ఆగినప్పుడల్లా ఊ అను. ఎందుకని అడక్కు, నీకు పుణ్యముంటుంది,” అన్నాను. టీవీ ఆపేసి ఊ అంది. గంజి తాగడం, తగువు, బుట్టలు, గట్టు, తలగుడ్డ, అన్నీ చెప్పాను. నాయనమ్మ దాచినదీ, కట్టినదీ రెండూ చెప్పాను. గట్టు మీద పిలుపు దగ్గరికి వచ్చేసరికి నా గొంతు దానంతటదే లేచింది, పేరు బయటపడింది. పక్క ఫ్లాటువాళ్ళు ఏమైందని తలుపు కొట్టారు.

అప్పటి నుంచి ప్రతి శుక్రవారం చెబుతున్నాను. వారం వారం ఒక్కో ముక్క జారిపోతోంది, నాకు తెలుస్తూనే ఉంది. నిన్న గట్టు దగ్గర ఆగిపోయాను. గొంతు లేచింది కానీ అందులో పేరు లేదు. చింతపండు పట్టుకుని మనవరాలి మొహంలోకి చూశాను. అది నా చేతిలోంచి పొట్లం తీసుకుంది.

“అప్పన్నా! అని పిలిచింది వాళ్ళక్క,” అని చెప్పి ఆగింది.

నేను ఊ కొట్టాను.