సాయవ్వకు తీయని ఈసీజీ

పదవీ విరమణకు నాలుగేళ్ల ముందు బాన్సువాడలో ఒక ట్రస్టు దవాఖానకు సీనియర్ ఫార్మసిస్టుగా వెళ్లాను. అక్కడి మానసిక వైద్య ఓపీ రద్దీని సగానికి దించిన ఘనుణ్ణి నేనే. కిరాణా కొట్టు గల్లాపెట్టె పక్కన పెరిగినవాడికి బేరం కుదర్చడం ఒకరు నేర్పాలా? నిజామాబాద్ నుంచి నెలకోసారి వచ్చే సైకియాట్రిస్టును ఒప్పించాను: నిలకడగా ఉన్న రోగి రానక్కర్లేదు, ఇంటివాళ్లు చీటీ తెస్తే మూడు నెలల మాత్రలు ఇచ్చేస్తాం. అందరూ మెచ్చుకున్నారు. అంతకన్నా తెలివితక్కువ పని నా సర్వీసులో మరొకటి లేదు.

స్కిజోఫ్రీనియాకు వాడే మందుల్లో కొన్ని గుండె మీద పనిచేస్తాయి. ఒకసారి కొట్టుకున్నాక గుండె మళ్లీ సిద్ధం కావడానికి కొంత సమయం కావాలి. ఈసీజీలో దాన్ని క్యూటీగా కొలుస్తారు. అది మరీ సాగితే లయ తప్పి మనిషి కూలిపోవచ్చు, ప్రాణమే పోవచ్చు. అందుకే సైకియాట్రిస్టు చీటీల మీద ఈసీజీ తీయించమని రాసేవారు. మనిషే రాకపోతే ఎవరికి తీస్తాం? మాత్రలు మాత్రం ఠంచనుగా వెళ్లేవి.

నస్రుల్లాబాద్ దగ్గర పల్లె నుంచి, ఈ జబ్బుకే మందులు వాడుతున్న సాయవ్వ మాత్రలకు ఆమె తమ్ముడు గంగారాం వచ్చేవాడు. ఒక వానాకాలం, నాట్ల మధ్యలో, అక్కనే వెంటబెట్టుకొచ్చాడు. పొలంలో రెండుసార్లు పడిపోయిందట.

“గుండెల పిట్ట కొట్టుకున్నట్టయితది సారూ. కండ్లకు చీకట్లొచ్చి పడిపోతున్న,” అని డ్యూటీ డాక్టరుకు చెప్పిందామె.

ఆయన ఆమె వైపు చూడకుండా, గోళీలు మింగుతోందా అని తమ్ముణ్ణి అడిగాడు. పిట్ట సంగతి భ్రమ అని తేల్చి, మోతాదు పెంచి నా కౌంటరుకు పంపాడు.

“పిట్ట ఏందక్కా? గట్లంటే ఇంకో గోళీ ఎక్కువ రాయరా?” అని విసుక్కున్నాడు గంగారాం.

“రాసిండు కదరా. ఇగ గది నువ్వే మింగు.”

నాకు ఒళ్లు మండింది. గుండె దడ అని ఒక షావుకారు చెబితే మంచమెక్కించి తీగలు తగిలించేవారు. ఈమె చెబితే జబ్బు పేరే జవాబైపోయింది.

చీటీ పట్టుకుని డాక్టరు దగ్గరికే వెళ్లాను. ఒక్క ఈసీజీ తీయించండి, బాగుంటే నా మీద ఫిర్యాదు రాసుకోండి, అది చూసేదాకా మాత్రలు ఇవ్వను అన్నాను. “మెంటల్ కేసుకు గుండె కూడా చూడాలా?” అని నవ్వాడు. చివరికి తీయించాడు. కాగితం చూశాక నవ్వు ఆగింది. క్యూటీ ప్రమాదకరంగా సాగి ఉంది. దగ్గుకని ఊళ్లో ఆర్‌ఎంపీ ఇచ్చిన యాంటీబయాటిక్‌కు కూడా క్యూటీని సాగదీసే గుణం ఉందని అప్పుడు తేలింది. వెంటనే నిజామాబాద్ పంపాం. అక్కడ మానిటరు మీద ఉంచి, సైకియాట్రిస్టు సలహాతో మందు మార్చారు. డ్యూటీ డాక్టరు ఆమె అదృష్టవంతురాలన్నాడు. అదృష్టమట!

సాయవ్వ బతికింది. నా పాత ఏర్పాటు రద్దు చేయించాను: మనిషి రావాలి, ఈసీజీ చూడాలి, ఆ తర్వాతే మందు. దాంతో అంత దూరం రాలేక మద్నూర్ వైపు రోగులు ఇద్దరు మందులకు రావడమే మానేశారు. ఒకరికి జబ్బు తిరగబెట్టింది. అతని భార్య వచ్చి కౌంటరు ముందే నన్ను తిట్టిపోసింది. ఆమె తప్పేమీ లేదు.

మందు ఇవ్వడమంటే దాన్ని మింగే మనిషిని చూడటమని ఆలస్యంగా నేర్చుకున్నాను. నా బేరం ఖర్చూ, దాని దిద్దుబాటు ఖర్చూ రెండూ రోగులే భరించారు. దవాఖానకు గానీ, నాకు గానీ ఏమీ పోలేదు.