అత్తమ్మ మాటకు ఆరు స్పీకర్లు

ఒకే ఒక్క మాట వినిపించడానికి ఇంట్లో ఆరు స్పీకర్లు పెట్టి, ముగ్గురు మనుషులను పట్టపగలు వీధిలోకి తరిమించి, చివరికి నా పెళ్ళి గురించి నాకే తెలియని నిజాన్ని నా చేతులతోనే బయటికి లాగిన ఘనుణ్ణి నేను. ఇందులో కొంత అతిశయోక్తి దొర్లుతుంది. అది నాకు పుట్టుకతో వచ్చిన జబ్బు, డాక్టర్లు చేతులెత్తేశారు. కానీ సిగ్గుపడాల్సిన చోట మాత్రం ఒక్క అక్షరం కల్పించలేదు. అక్కడ నాకు కల్పించేంత తీరిక దొరకలేదు.

కథ మా మామ చెవితో మొదలవుతుంది. ఆయన చాంపియన్ రీఫ్స్ బంగారు గనిలో బ్లాస్టరు. బండకు రంధ్రాలు వేసి, మందు కూరి, పేల్చడం ఆయన ఉద్యోగం. గని మూతపడి ఎన్నో ఏళ్ళయినా ఆయన కుడి చెవి ఇంకా డ్యూటీ దిగలేదు. అందులో ఎప్పుడూ గుయ్యిమనే మోతే తప్ప బయటి మాట దూరదు. ఎడమ చెవి మాత్రం పక్కింట్లో పాలు పొంగినా పసిగడుతుంది. కుడివైపు నుంచి ఎవరేమన్నా మామ చేసే పని ఒక్కటే. జడ్జీగారిలా గంభీరంగా తల ఊపుతాడు.

మా పెళ్ళి వీడియోలో ఒకచోట అత్తమ్మ ఆయన చెవిలో ఏదో చెబుతుంది. కన్యాదానం పీటల మీద పురోహితుడు ఆమెను మామకు కుడిపక్కన కూర్చోబెట్టాడు. ఆ హడావిడిలో ఆమె ఆ చెవి సంగతే మరిచిపోయి, ఒంగి నాలుగు మాటలు చెప్పింది. మామ తల ఊపాడు. ఆమె తృప్తిగా కొంగు సర్దుకుంది. ఏమన్నావని తర్వాత అడుగుదాంలే అనుకుంటూనే ఆయన ఇరవై ఏళ్ళు గడిపేశాడు. ఈలోగా ఆమె కన్నుమూసింది.

అప్పటినుంచి మామకు ఆ వీడియో ఒక వ్యసనమైంది. సరిగ్గా ఆ చోటికి రాగానే టీవీకి ఎడమ చెవి ఆనించేవాడు. నాదస్వరం తప్ప ఏమీ వినబడేది కాదు.

"ఆ పొద్దు మీ అమ్మ ఏం చెప్పినాదో తెల్దు పాపా," అనేవాడు నా భార్య వసంతతో. "తల మాత్రం ఊపితిని. దేనికి ఊపితినో తెలిస్తే చాలు, నిమ్మళంగా ఉంటాను."

ఇలాంటి మాట విని నోరు మూసుకునే మనిషినైతే ఇప్పుడు మీకు ఈ కథ ఉండేది కాదు.

"దీనికింత ఆలోచన దేనికి మామా? మైకు పీటల పక్కనే ఉండె, మాట దాంట్లో పడే ఉంటాది. నేను పైకి తీస్తాను. బెంగుళూరులో సినిమా హాళ్ళకే సౌండు సెట్టు చేసినోణ్ణి!"

నిజానికి బెంగుళూరు సినిమా హాల్లో నేను చేసిందల్లా టికెట్టు కొని కూర్చోవడం. అయినా మామ నమ్మాడు. వసంత నమ్మలేదు. పెళ్ళయిన వారం నుంచే ఆమె ఆ అలవాటు మానుకుంది.

నేను రోజూ రైల్లో బెంగుళూరు వెళ్ళి పని చేసుకొచ్చేవాణ్ణి. అక్కడ ఒకాయన దగ్గర పాత హోం థియేటరు సెట్టు కొని, వారం రోజులు రోజుకొక పెట్టె చొప్పున మోసుకొచ్చాను. సబ్‌వూఫరు తెచ్చిన రోజు రైల్లో దాని మీదే కూర్చున్నాను. ఆ లైన్లో ఎన్నేళ్ళు తిరిగినా నాకు దొరికిన మొదటి సీటు అదే.

ఆదివారం మధ్యాహ్నం మామ ఇంట్లో పని మొదలైంది. గనివాళ్ళ క్వార్టర్ల లైన్లలో ఇల్లు, రేకుల కప్పు, పక్కింటితో ఉమ్మడి గోడ. టీవీ కింద ఒక పెట్టె, దానికి చెరోపక్క ఒకటి, వెనక గోడకు రెండు, మూలన కింద పెద్ద గుమ్మటంలాంటి ఆ సబ్‌వూఫరు. తోడుగా మామ పాత జతగాడు దొరైరాజు వచ్చి కూర్చున్నాడు. గనిలో పైకప్పు కూలకుండా దుంగలు నిలబెట్టిన మనిషి, ఇప్పటికీ ఏ ఇంట్లో అడుగుపెట్టినా ముందు కప్పు చూస్తాడు.

టేపుతో కొలతలు తీస్తూ నేను పాఠం మొదలుపెట్టాను.

"చూడు మామా, దగ్గరుండే పెట్టె శబ్దం ముందొచ్చేస్తాది, దూరందేమో వెనక్కి పడతాది. అందుకని దగ్గర దాన్ని రవ్వంత ఆపి వదలల్ల. అప్పుడు ఆరూ ఒకే తూరి చెవిలో పడతాయి."

మామ ముఖం చిట్లించాడు. "ఒకే తూరినా? అన్నీ ఒకే తూరి పేలిస్తే బండ యాడికి పోతాదప్పా? ముందు నడిమిది పేలల్ల. గుంత పడినాక పక్కవి. ఆ పైన వెనకవి. అన్నిటికీ చివర అడుగుది."

"ఇది బండ కాదు మామా, శబ్దం."

"శబ్దం సంగతి నాకు చెప్తా ఉండావా నువ్వు?"

దొరైరాజు అందుకున్నాడు. "ఆమాప్పా, కరెక్టు. మీ మామ పెట్టిన షాటు ఒక్కటీ తప్పింది లేదు."

మామ తప్పని నాకు తెలుసు. తెలిసిందొక్క ముక్క, అది గట్టిగా తెలుసు. కానీ అత్తమ్మ పోయాక ఆయన కుర్చీలోంచి లేచి, వేలు చూపించి, నడిమిది ముందు అని ఆర్డరు వేయడం నేను చూసింది ఆ రోజే. ఆ వేలు ఎంత నిటారుగా ఉందో మీరు చూడలేదు.

"బెంగుళూరులో కూడా ఇదే పద్ధతి మామా," అనేశాను.

నడిమి పెట్టెకు సున్నా. పక్కవాటికి కొంత ఆలస్యం. వెనకవాటికి ఇంకొంత. మూలనున్న గుమ్మటానికి ఆ మిషను ఒప్పుకున్నంత. బంగారపు గనిలో బండ పేల్చే వరుసలో ఒక పెళ్ళి వీడియోకు సౌండు సెట్టు చేసినవాణ్ణి భూప్రపంచంలో నేనొక్కణ్ణే అయి ఉంటాను. ఎవరైనా బిరుదిస్తే తీసుకోవడానికి సిద్ధం.

వసంత పెన్‌డ్రైవు పెట్టి ప్లే నొక్కింది. పురోహితుడు మంత్రం అన్నాడు. వెంటనే అతని ఇద్దరు తమ్ముళ్ళు అదే మంత్రం అన్నారు. ఇంకో ఇద్దరు వెనక గోడలోంచి అన్నారు. అత్తమ్మ ఒంగింది. నడిమి పెట్టెలోంచి "ఏమయ్యా" అని వినబడింది. మామ రెండు చేతులూ కుర్చీ మీద బిగించాడు.

"ఏమయ్యా... మయ్యా... మయ్యా..."

"అయ్యయ్యో, అక్క ఐదు మంది అయిపోయినాదే!" అన్నాడు దొరైరాజు.

అంతలో డోలు పడింది. ఆ దెబ్బను గుమ్మటం తన వంతు వచ్చేదాకా మింగి ఉంచి, ఒక్కసారిగా వదిలింది. రేకులు గడగడమన్నాయి. పక్కింటి గోడకున్న గిన్నెలు మా మాటకు వంతపాడాయి. దొరైరాజు మెరుపులా వెళ్ళి దర్వాజా కింద నిలబడి, రెండు చేతులతో పైకమ్మి పట్టుకున్నాడు. ఆ వయసులో ఆ వేగం చూసి నేను చప్పట్లు కొట్టాలనుకున్నాను గానీ వసంత నా వైపే చూస్తోంది.

"ఇంత మోత వచ్చినాది, మాటే రాలేదు," అన్నాడు మామ. "యాడో ఒకటి పేలలేదు. ఒక్కొక్కటే పేల్చు, లెక్క పెడతాను."

మిషనులో పరీక్ష శబ్దం ఉంటుంది, వరుసగా ఒక్కో పెట్టెలో బుస్సుమంటుంది. మామ కళ్ళు మూసుకుని వేళ్ళు మడిచాడు. "ఒకటి. రెండు. మూడు. నాలుగు. ఐదు." తర్వాత నిశ్శబ్దం.

"ఆరోది యాడ?"

చూస్తే ఆ అదురుకు వెనకవైపు ఒక పెట్టెకు వైరు ఊడి ఉంది. "ఇదో మామా, ఒక్క నిమిషం, వైరు..."

"ముట్టద్దు!" ఆ అరుపుకు నేను మడమల మీద ఆగిపోయాను. "ఒక షాటు తక్కువొచ్చె. మిస్‌ఫైరు! అందరూ బయటికి నడవండి!"

గనిలో పేలుళ్ళు దూరం నుంచి లెక్కపెట్టేవాళ్ళు. ఒకటి తగ్గితే, పేలని మందు ఎక్కడో కూర్చుని ఉందని అర్థం. అరగంట దాకా ఎవరూ అటు పోకూడదు. ఆ రూలు తప్పినవాళ్ళను మామ తన చేతులతో ఏరి తెచ్చాడట.

"మామా, దీంట్లో మందు లేదు, స్పీకరు!"

"రూలు రూలే. అరగంట."

ఐదు నిమిషాల్లో మా ఇంటిల్లిపాదీ వీధిలో ఉన్నాం. మామ గుమ్మానికి అడ్డంగా కుర్చీ వేసుకుని వాచీ చూసుకుంటున్నాడు. దారిన పోయేవాళ్ళు ఎవరైనా పోయారా అని అడుగుతున్నారు. "మీ ఆయన పేల్చినాడు," అని వసంతకు చెప్పి దొరైరాజు ఆనందిస్తున్నాడు.

నాకు తీట ఆగలేదు. పెరటి గుండా లోపలికి దూరాను. వైరు పెట్టాను. అంకెలన్నీ చెరిపి, కొలిచిన దూరాలు సరిగ్గా వేశాను. మాటలు పైకి వచ్చే మీట నొక్కి, సన్నగా పెట్టి విన్నాను.

నాదస్వరం వెనక్కి తగ్గింది. అత్తమ్మ గొంతు పక్కన కూర్చున్నంత స్పష్టంగా వచ్చింది.

"ఏమయ్యా, ఈ పిలగాడు నోరు తెరిస్తే అబద్ధమే. పొద్దున్నుంచి చూస్తా ఉండా. మన పాప ఈడితో ఏగుతాదా? వద్దంటే ఇప్పుడే చెప్పు, నిలిపేద్దాం. నీకు నమ్మకముంటే తల ఊపు, ఇంగ నేను ఒక్క మాటనను."

తెర మీద మామ తల ఊపాడు. రెండుసార్లు.

వీధిలోకి వచ్చేసరికి ఆయన ఎడమ చెవి నన్ను పట్టేసింది. "లోపల ఏందో మోగె. విన్నావు గదా?" మామూలుగా అయితే రూలు తప్పినందుకు తిట్టేవాడు. ఈసారి ఆ ఎడమ చెవే నా వైపు తిప్పాడు. "ఏం చెప్పినాదప్పా?"

ఆ క్షణంలో నిజం చెప్పి ఉంటే ఈ కథలో నేను కొంచెం మంచివాణ్ణి. కానీ నా నోరు నన్నడగకుండానే తెరుచుకుంది.

"ఇట్లాంటి అల్లుడు దొరకడం మన అదృష్టమయ్యా, అనింది మామా."

మామ నవ్వాడు. ఆ నవ్వును నేను ఇప్పటికీ మరిచిపోలేను. "విన్నావా దొరై? మా ఆడది అట్లనింది," అని రెండుసార్లు చెప్పుకున్నాడు. ఇన్నేళ్ళు ఆమె మాట కోసం కాచుకున్న మనిషికి, ఆమె పేరు మీద మొదట అందింది నా అబద్ధం.

"ఇంగ అరగంట అయ్యె. నేనూ వింటాను," అని లేచాడు.

"మామా, మిషను వేడెక్కి ఉండాది... రేపు..."

వసంత నా ముఖం ఒక్కసారి చూసింది. అంతా అర్థమైపోయింది. నన్ను దాటి లోపలికి వెళ్ళి ప్లే నొక్కింది.

మామ విన్నాడు. ఇంకోసారి వేయమన్నాడు. మూడోసారి కూడా విన్నాక నా వైపు తిరిగాడు. తిడతాడనుకున్నాను. తిట్టి ఉంటే బాగుండేది.

"నువ్వు పాపకు మామిడి తోట కొనిస్తానని చెప్పి కొనకపోయినప్పుడు ఊరంతా నవ్వె. ఆమె మాత్రం ఒక్క మాటనలేదు. ఎందుకనలేదో ఇప్పుడు తెలిసె. నేను తల ఊపితినని నమ్ముకొని ఉండె."

నాకు అత్తమ్మ ఏడాదికొకసారి శ్రీనివాసపురం నుంచి తెప్పించి పెట్టిన మామిడి పండ్లు గుర్తొచ్చాయి. ఆమె వినిపించుకోనట్టు ఊరుకున్న నా కోతలన్నీ గుర్తొచ్చాయి. ఇరవై ఏళ్ళ మర్యాద, చెవిలో పడని ప్రశ్నకు ఊపిన తల మీద నిలబడింది.

"నాయనా," అంది వసంత మామతో మెల్లగా, "ఇప్పుడైతే ఏం చెప్తావు?"

"ఆమె అడిగింది నన్ను. ఆమెకే చెప్తాను. మీరంతా బయటికి పొండి."

తలుపు వేసుకున్నాడు. నేను సిగ్గు విడిచి ఆ తలుపుకు చెవి ఆనించాను. లోపల ఆయన టీవీతో ఏదో మాట్లాడుతున్నాడు, ఆగుతున్నాడు, మళ్ళీ మాట్లాడుతున్నాడు. ఒక్క మాటా అందలేదు. జీవితంలో మొదటిసారి ఆరు పెట్టెలూ సరైన సమయానికి, ఏకకంఠంతో, నాదస్వరాన్ని దంచేస్తున్నాయి. అంత బాగా సెట్టు చేసినవాణ్ణి నేనే.

చాలాసేపటికి మామ బయటికొచ్చాడు.

"ఏమని చెప్తివి మామా?"

"నీకెందుకప్పా," అని కాఫీ అడిగాడు.

ఆ జవాబు నాకు ఇప్పటికీ తెలియదు. కాబట్టి పాఠకుల సమక్షంలో, కుడిచేత రిమోటు పట్టుకుని ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట నేను ఏ ఇంట్లోనూ ఏ పెట్టెకూ ఆలస్యం పెట్టను. పోయినవాళ్ళ పేరు మీద ఒక్క మాట కూడా అల్లను. బతికున్నవాళ్ళ విషయంలో మాత్రం హామీ ఇవ్వలేను.