వాయిదా వద్దన్న మనిషి

మా సీనియర్ పోయారన్న వార్త నాకు మొదట చెప్పింది అవతలి పక్షం లాయరు. అందుకే నమ్మలేదు.

ఆ పొద్దున తిరుపతిలో నా గదిలో నల్లకోటు ఇస్త్రీ చేసుకుంటున్నాను. ఆ రోజు కోర్టులో ఒక అమ్మాయి సాక్ష్యం చెప్పాలి. పుత్తూరు వైపు ఒక పల్లెలో, ఆమె బడికి వెళ్ళే వయసులో, చర్చి పాస్టరు ఆమె మీద చేసిన అఘాయిత్యం గురించిన కేసు అది. నడిపేది ప్రభుత్వ లాయరే అయినా, ఆ అమ్మాయి తరఫున నిలబడేది మా సీనియర్. ఆమె వెనక నేను.

“అమ్మా, మీ మేడం తెల్లారుజామున పోయిందంట, గుండెపోటు. నువ్వు పాకాలకు, వాళ్ళింటికి బయల్దేరు. ఈ పొద్దు కోర్టు యాడ జరుగుతాది, సంతాప తీర్మానం పెడతాము గదా” అన్నాడాయన. గొంతులో బాధ వినిపించింది. ఆ బాధ మీద కూడా నాకు అనుమానం వచ్చింది. మేడం నంబరుకు చేశాను. ఆమె చెల్లెలు ఎత్తారు. ఏడుపు తప్ప మాట రాలేదు. ఆయన చెప్పింది నిజమే. అంత పొద్దున్నే పనిగట్టుకుని నాకెందుకు చెప్పాడన్నది వేరే సంగతి.

అంత దుఃఖంలోనూ ఇలా ఆలోచించే బుద్ధి నాకు పుట్టుకతో రాలేదు. మేడం దగ్గర అబ్బింది. ఇప్పుడు ఇది రాస్తూ కూడా ఆ పల్లె పేరు దాచుకుంటున్నాను. ఆమె ఉంటే, “సదివేటోళ్ళలో వాళ్ళ మనిషి లేడని నీకెట్లా తెలుసు?” అని అడిగి ఉండేవారు. పాఠకులు ఏమీ అనుకోవద్దు.

జూనియర్‌గా చేరడానికి వెళ్ళిన రోజు ఆమె నా మార్కులు అడగలేదు. “ఏ చర్చికి పోతావు? మీ పాస్టరు ఎవురు? ఆయనకు ఎవురెవురు తెలుసు?” అని ఆరా తీశారు. అంతా విని, “కొన్నాళ్ళు ఫైళ్ళు ముట్టుకోవద్దు, టైపు చేస్తే చాలు” అన్నారు. ఆ కొన్నాళ్ళు ఎండాకాలంలో మొదలై వానాకాలం దాకా సాగాయి. నాకు తల కొట్టేసినట్టయ్యేది. ఒకరోజు బీరువా తాళంచెవి నా ముందర పడేసి టీకి వెళ్ళారు. నమ్మకం కుదిరిందని మురిసిపోయాను. తిరిగొచ్చి ఫైళ్ళన్నీ సరిచూసుకున్నారు కూడా.

ఆమెకు భక్తి లేదనుకునేరు. పాకాలలో ప్రతి ఆదివారం చర్చికి వెళ్ళేవారు. తలుపు పక్కన చివరి బెంచీలో కూర్చుని, పాటలు మాత్రం అందరికంటే గట్టిగా పాడేవారు. “నాకు దేవుడి మీద అనుమానం లేదు అమ్మణ్ణీ. ఆయన పేరు చెప్పుకోని వచ్చేటోళ్ళ మీదే” అనేవారు. నన్ను ఎప్పుడూ అమ్మణ్ణీ అనే పిలిచేవారు, కోర్టులో జడ్జి గారి ఎదుట తప్ప.

ఇలాంటి కేసుల్లో ఆడపిల్లలు, మగపిల్లలు, కొన్నిసార్లు నడివయసు వాళ్ళు కూడా వచ్చేవారు. ఏం జరిగిందని ఆమె ఎవరినీ ముందుగా అడగలేదు. “తిన్నావా? ఏ బస్సుకు వచ్చినావు? నువ్వు ఈడికి వచ్చేది ఎవురికి తెలుసు?” ఈ వరసలోనే అడిగేవారు. చివరి ప్రశ్నకు జవాబు వచ్చేదాకా కాగితం, పెన్ను బయటికి తీసేవారు కాదు. కుర్చీ తలుపు కనబడేలా వేయించేవారు. వచ్చినవాళ్ళు తలుపు వైపే చూస్తూ మాట్లాడతారని అనుభవం మీద తెలుసుకున్నారట.

ఒకసారి ఈ అమ్మాయి పల్లె నుంచి చర్చి సంఘపెద్దలు పళ్ళబుట్ట పట్టుకుని వచ్చారు. “పాస్టరు అయ్యగారు కన్నీళ్ళు పెట్టుకోనుండాడు మేడం. ఒక కూడిక పెట్టి అందరమూ ప్రార్థన చేసుకుంటాము. పాప వచ్చి క్షమించినానని ఒక్క మాట చెప్తే చాలు, సంఘం నిలబడతాది” అన్నారు. వినడానికి ఎంత బాగుందో. నేనైతే మెత్తబడ్డాను.

“ఆ కూడికలో వీడియో తీస్తారా?” అని అడిగారు మేడం.

“తీస్తాము గదా మేడం. ప్రతి కూడికా తీస్తాము.”

“అయితే ఆ వీడియో కోర్టుకు గూడా వస్తాది.”

పళ్ళబుట్ట వాళ్ళతోనే తిరిగి వెళ్ళిపోయింది. క్షమించడం తప్పు కాదు కదా మేడం, అన్నాను తర్వాత. “తప్పెందుకు? ఆ పాప తనకు తోచిననాడు క్షమిస్తే అది క్షమించడం. వాళ్ళు తేదీ పెట్టి పిలిచి చెప్పిస్తే అది వాంగ్మూలం” అన్నారు.

ఆ అనుమానం ప్రతిసారీ గురి చూసి తగిలేది కాదు. ఆ అమ్మాయిని పెంచింది వాళ్ళ అవ్వ. బెయిలు మీద వచ్చిన పాస్టరు మళ్ళీ ఆ చర్చిలోనే వాక్యం చెబుతున్నాడు. అవ్వ ఇంకా ప్రతి ఆదివారం అదే చర్చికి పోతోందని మేడం చెవిన పడింది. అంతే, ఇక్కడి మాటలు అక్కడికి మోస్తోందని తేల్చుకున్నారు. అవ్వ ఎదుట వాయిదాల ఊసు ఎత్తడం మానేశారు. చూసి రమ్మని ఒక ఆదివారం నన్ను పంపారు.

నేను వెళ్ళేసరికి అవ్వ పిల్లల చాప మధ్యలో కాళ్ళు చాపుకుని కూర్చుని ఉంది. ఆరాధన ముగిసినా కదల్లేదు. పిల్లలకు కథలు, పాటలు అయ్యి, చివరి పిల్ల వాళ్ళమ్మతో వెళ్ళాకే లేచింది. ఇంకా ఎందుకొస్తున్నావవ్వా అని బయట అడిగాను. “ఆ గుడికి రాళ్ళు మోసింది మేము. నేనెందుకు మానాల? ఆడ ఇన్ని బిడ్డలు ఉండారు. నేను గూడా మానేస్తే వాళ్ళను ఎవురు సూస్తారు?” అంది.

వచ్చి మేడానికి ఆ మాట చెప్పాను. మళ్ళీ అవ్వ ఆఫీసుకు వచ్చినప్పుడు లేచి తన కుర్చీలో కూర్చోబెట్టారు. “నిన్ను తప్పుగా అనుకున్నాను అవ్వా” అన్నారు.

“పోనీలేమ్మా. నేను గూడా నిన్ను అట్లే అనుకున్నాను” అంది అవ్వ. ఇద్దరూ నవ్వుకున్నారు. మేడం అంత హాయిగా నవ్వగా నేను మళ్ళీ చూడలేదు.

కోర్టు సంగతులు తెలియనివారికి ఒక మాట చెప్పాలి. లాయరు ఎవరైనా పోతే ఆ రోజు మిగతా లాయర్లు పని మానుకుని సంతాపం తెలుపుతారు. మంచి మర్యాదే. కాకపోతే ఆ అమ్మాయి మొదటిసారి సాక్ష్యానికి గుండె రాయి చేసుకుని వచ్చిన రోజే ఒక పెద్ద లాయరు పోయారు. అవతలి లాయరు వాయిదా అడిగాడు, వాయిదా పడింది. ఆ అమ్మాయి ఇంటికెళ్ళి మంచం పట్టింది. ఇంక కోర్టుకు రానంది. ఆమెను మళ్ళీ ఒప్పించడానికి మేడం చర్చి అయ్యాక పుత్తూరు బస్సెక్కి ఎన్ని ఆదివారాలు వెళ్ళారో. వెళ్ళి కేసు మాటే ఎత్తకుండా, చిక్కుడుకాయలు ఒలుచుకుంటూ కూర్చునేవారు.

“పోయినాయన బంగారంలాంటి మనిషి. తనకోసరం ఒక ఆడబిడ్డను వెనక్కి పంపమని ఆయనా అనుండడు” అని రగిలిపోయారు అప్పట్లో. “నేను పోయిననాడు మీరు ఇట్ల చేస్తే నీ మొహం చూడను.”

“పోయినాక యాడ చూస్తారు మేడం?”

“అదీ నిజమే. అయినా చూడను.”

ఆ పొద్దున నేను పాకాలకు వెళ్ళలేదు. అవ్వకు ఫోన్ చేశాను. అవ్వా, ఆ అమ్మాయీ అప్పటికే బస్సులో ఉన్నారు. “ఎవురో ఫోన్ చేసి ఈ పొద్దు కోర్టు లేదన్నారు. లాయరమ్మ నోటితో చెప్తే తప్ప నమ్మద్దని చెప్పుండాది గదా, బస్సెక్కేసినాము. లాయరమ్మ వచ్చిందా?” అని అడిగింది. వచ్చాక మాట్లాడదామని పెట్టేశాను.

మేడం పోయిన సంగతి చెప్పకుండా సాక్ష్యం ఇప్పించవచ్చు. కానీ అవతలివాళ్ళు ఏ క్షణాన చెవిలో వేస్తారో తెలియదు. పైగా ఆ పొద్దున ఫోన్లో వాళ్ళకు ఒకరు అబద్ధమాడింది చాలు. కోర్టు వరండాలో నేనే చెప్పాను. ఆమె గోడకు ఆనుకుని నిలబడింది. కళ్ళు తుడుచుకోలేదు.

లోపల అవతలి లాయరు లేచి మా మేడాన్ని ఆకాశానికెత్తాడు. ఇంత గొప్ప లాయరుకు గౌరవంగా వాయిదా ఇప్పించమన్నాడు. ప్రభుత్వ లాయరు సాక్ష్యం నడపడానికి తాను సిద్ధమేనన్నారు. జడ్జి గారు ఆ అమ్మాయి వైపు తిరిగి, నువ్వేమంటావమ్మా అని అడిగారు.

“లాయరమ్మ నన్ను ఈ పొద్దు రమ్మనింది సార్. ఇంకోనాడు రమ్మనేదానికి ఆయమ్మ లేదు” అంది.

జడ్జి గారు తలుపులు వేయించారు. నిందితుడు కనబడకుండా మధ్యలో తెర పెట్టారు. అవ్వ బయట వరండాలో కూర్చుంది. మేడం కుర్చీలో నేను కూర్చోలేకపోయాను, వెనకే నిలబడ్డాను. లోపల ఆ అమ్మాయి చెప్పింది రాయను, రాయకూడదు. ఒక్కటి మాత్రం చెబుతాను. ఎవరు చేశారని ప్రభుత్వ లాయరు అడిగినప్పుడు, మాతో మాట్లాడిన ఇన్నేళ్ళూ అయ్యగారు అనే అంటూ వచ్చిన ఆ అమ్మాయి, పేరు పెట్టి చెప్పింది. మెల్లగా అంది. జడ్జి గారికి వినపడక, ఇంకోసారి గట్టిగా చెప్పమన్నారు. తెర అవతల కుర్చీ కిర్రుమంది. ఆమె నీళ్ళు తాగి, గ్లాసు కింద పెట్టి, వరండాలోకి వినపడేంత గట్టిగా చెప్పింది.