సబ్బుసీసా ఎడమ పక్క మూడోది

ధర్మపురి నాలుగు రోడ్ల కూడలిలో సీనప్ప బండి ఆగిందంటే, అందులో సబ్బుసీసా ఎక్కడుందో కూరగాయలు కొనడానికి వచ్చినవాళ్లకు కూడా తెలిసిపోయేది. బండిలో ఏ సామాను ఎక్కడుందో పొద్దున్నే గొంతెత్తి చెప్పకపోతే ఆ మనిషికి కాఫీ దిగదు.

బండంటే మూడు చక్రాల లగేజీ ఆటో. కార్లున్నవాళ్ల వాకిట్లోకే పోయి, కారు కడిగి, పాలిష్ పట్టి రావడం సీనప్ప పని. ఎనభై మూడులో ఆ ఊరి కార్లను వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. వాటిని కడగడానికి సీనప్ప మోసే సామాను లెక్కపెట్టాలంటే మాత్రం పక్కవాడి వేళ్లు కూడా అరువు తెచ్చుకోవాలి.

"కుడి పక్క బకెట్టు! బకెట్టులో స్పాంజి! పురుగుమందు పంపు వెనకాల, మూతి మీదికి! ఎడమ పక్క ఒకటి పాలిష్ డబ్బా, రెండు టైర్లు తోమే పీచు, మూడు సబ్బుసీసా! యాసిడ్ సీసా నా సీటు కింద గోనెసంచిలో! దాన్ని ఎవురూ తాకరాదు!"

టీ అంగడి ఎల్లప్పన్ రోజూ అడిగేవాడు. "ఏం సీనప్పా, సామానుకు మేలుకొలుపు పాడతాండావా?"

"పాడకపోతే లేయవప్పా అవి."

పొద్దున ఒక్కసారి చెప్పి ఊరుకుంటాడా అంటే అదీ లేదు. తీసిన వస్తువు తిరిగి పెట్టినప్పుడల్లా ఒక కేక. ఒకసారి చావింటివాళ్ల కారు కడగడానికి పోయాడు. లోపల ఆడవాళ్లు గుండెలు బాదుకుని ఏడుస్తుంటే, బయట సీనప్ప, "టైరు పీచు ఎడమ రెండుకు చేరె!" అని అరిచాడు. ఏడుస్తున్నవాళ్లు ఏడుపు ఆపి కిటికీలోంచి తొంగిచూశారు. పోయినాయన కూడా ఒక కన్ను తెరిచాడని ఊళ్లో చెప్పుకున్నారు.

ఈ గోలంతా పక్కనే నిలబడి వినేవాడు తిమ్మరాయన్. సీనప్ప భార్య కుప్పాయికి తమ్ముడు, బండిలో సీనప్పకు తోడు. నలభై దాటిన మనిషి, మునుపు రాళ్ల క్వారీలో పనిచేశాడు. బావ పిచ్చిని చూసి ఊరంతా నవ్వితే, తిమ్మరాయన్ మాత్రం లోలోపల దండం పెట్టుకునేవాడు. ఎందుకంటే రెండేళ్లుగా అతని రెండు కళ్లకూ మంచు కమ్మింది. మనుషులు పొగలాగా కదులుతారు. సీసాలూ డబ్బాలూ అసలు కనబడవు.

ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. క్వారీలో ఒకడు కళ్లు సరిలేవని నోరు జారితే మరునాడే పనిలోంచి తీసేశారు. ఈ పని కూడా పోతే తన గతి ఏమిటని తిమ్మరాయన్‌కు తెల్లారితే భయం, పొద్దుగూకితే భయం. దేవుడు తన కళ్లు తీసుకుని బావకు పిచ్చి ఇచ్చాడు, సరికి సరి అనుకునేవాడు. చెవులతో విని చేతులతో తీసి ఇస్తూ రెండేళ్లు నెట్టుకొచ్చాడు.

ఆ ఏడు ఆయుధపూజకు కుప్పాయి బండిని తానే కడిగింది. సీసాలు తోమి, అన్నిటికీ గంధం బొట్లు పెట్టి, పైన దుప్పటి కప్పి దండ వేసింది. పూజలో పెట్టిన సామాను మరునాటిదాకా కదిలించరాదు. మరునాడు పొద్దున్నే బొమ్మిడి రైసుమిల్లు ఓనరు గోవిందరాజ్ మొదలాళి నుంచి కబురు. దుప్పటి తీయకుండానే బయలుదేరారు.

బండి ఆగగానే మొదలాళి సీనప్ప చెయ్యి పట్టుకుని లాక్కుపోయాడు. "కారు కింద ఆయిలు కారతా ఉంది, ముందు అది చూడయ్యా!" సీనప్ప కారు కింద దూరాడు. ఆ రోజు పాట లేదు.

"ఏయ్, నువ్వు బానెట్ కడుగు!" అన్నాడు మొదలాళి. నల్ల అంబాసిడర్. కొని మూడు నెలలు కూడా కాలేదు.

తిమ్మరాయన్ దుప్పటి ఎత్తి ఎడమ పక్క చెయ్యి పెట్టాడు. ఒకటి, పంపు. రెండు, బకెట్టు. కుప్పాయి సామానునంతా బడిపిల్లల్లాగా ఎత్తువారీగా నిలబెట్టింది! చేతికి ఒక సీసా తగిలింది. దాని పక్కనే ఇంకొకటి. రెండూ పాత బ్రాందీ సీసాలే. వాసన చూస్తే రెండిటికీ గంధం వాసనే. ఒకటి సబ్బు, ఒకటి సీటు కింద ఉండాల్సిన యాసిడ్. అడిగితే గుట్టు బయటపడుతుంది. అడగకపోతే మొదలాళి కారు తోలు ఊడుతుంది.

"ఏమయ్యా, సీసాకు పూజ చేస్తాండావా?" అని మొదలాళి కసిరాడు.

కులదేవతను తలుచుకుని ఒకటి తీశాడు. బానెట్ దగ్గరికి పోయి బిరడా లాగాడు. చెమట కళ్లలోకి కారుతోంది. సీసా వంచాడు...

"తేలు! తేలు! అయ్యయ్యో, తేలు రా!"

సీనప్ప కారు కిందినుంచి ఉడుంలాగా బయటికి వచ్చి ఎగిరి దూకాడు. ఆ దూకుడికి సీసా ఎగిరి సున్నపు నేల మీద పడి పగిలింది. నేల బుస్సుమని పొంగింది. ఆ బుస తిమ్మరాయన్‌కు వినబడింది. తాను తీసింది యాసిడే.

"ఎక్కడయ్యా? ఏ పక్క?" మొదలాళి అప్పటికే బియ్యం బస్తాల మీద ఉన్నాడు.

"పాయ సామీ, గోడ దాటె. మీరు దిగండి."

"నువ్వు బాగా చూసి చెప్పు, అప్పుడు దిగతాను!"

కారు కడగడం అయ్యేదాకా మొదలాళి బస్తాలు దిగలేదు.

తిరుగుదారిలో తిమ్మరాయనే అడిగాడు.

"బావా, ఆ తేలు ఎంతుండె?"

"బ్రాందీ సీసా అంత ఉండె."

తిమ్మరాయన్ గబుక్కున బావ వైపు తిరిగాడు. "నీకు తెలుసునా?"

"తపాలా పెట్టె ముందర నిలబడి 'బాగుండావా అక్కా' అని అడిగినావే, ఆ పొద్దే తెలిసె."

"అది జరిగి రెండేండ్లాయె కదా!"

"మరి రెండేండ్లుగా నేను గొంతు చించుకొనేది ఎవురి కోసరం రా? నా సామాను ఎక్కడుండాదో నాకు తెలీదా?"

"ఊరంతా నిన్ను పిచ్చోడంటాండారు బావా."

"అననీ. పిచ్చోడికి కారు కడిగే పని ఇస్తారు. గుడ్డోడికి ఇయ్యరు." సీనప్ప గేరు మార్చాడు. "వచ్చే బుధవారం పాలక్కోడు బళ్లో కంటి క్యాంపు. నీ పేరు రాసిచ్చి వచ్చినా."

"కోస్తారా? నేను రాను. దింపేయి బావా, నడిచి పోతా!"

"నువ్వు భయపడతావని తెలిసే కదరా, పోయిన వారం క్యాంపులో ముందు నేను పోయి చూసి వచ్చినా. నాకు కాదమ్మా, మా బామ్మర్దికి అని చెప్పేలోపలే నర్సమ్మ నా కండ్లల్లో మందు పోసేసె. మూడు గంటలు లోకమంతా మజ్జిగ."

"అయ్యో! ఇంటికి ఎట్లొస్తివి?"

"ఒక ముసలామె చెయ్యి పట్టుకొనె. దారి చూపిస్తాదని పోయినా. ఆమెకీ కండ్లల్లో మందే! నన్ను తన కొడుకనుకొనింది. ఇద్దరం కలిసి ఆమె ఊరు మహేంద్రమంగళానికి బస్సెక్కితిమి."

"నేను కొడుకును కాదని చెప్పలేదా?"

"చెప్పేదానికి భయమైపాయ రా. పాపం, అంత ప్రేమగా పట్టుకొనుండె. ఇంటికి పోతే కోడలు 'ఎవురీయప్ప?' అనె. ముసలామె 'నీ మొగుడే, కూడు పెట్టు' అనె."

"నువ్వేం చేస్తివి బావా?"

"ఏం చేసేది? కోడిగుడ్డు పులుసు. తిని వచ్చినా."

తిమ్మరాయన్‌కు నవ్వు ఆగలేదు. బండి కమ్మీ పట్టుకుని, కళ్లు తుడుచుకుంటూ అడిగాడు. "బుధవారం ఎన్ని గంటలకు బావా?"

"పొద్దున ఏడుకు. ఈ తూరి ఇంట్లోనే తిని పోదాం."