కోటు మీద గమేలా

నాకు బడి నాలుగో తరగతితో సరి. తక్కిన చదువంతా బొంబాయి కామాటిపుర దుకాణాలకు బోర్డులు రాస్తూ, పాత పుస్తకాలు కొని చదువుకున్నదే. ఎనభైల నడుమ వరుస గదుల మా చాళ్లోని తెలుగు సంఘం యాభై ఏళ్ల పండుగకు గుర్తు గీసే పని నాకిస్తే, "కాలేజీల నేర్చినోడు దొరకలేదా?" అన్నవాళ్లున్నారు. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ మంటే.

జెండా మీద, ఉత్తరాల మీద, కోటుకు పెట్టుకునే బిళ్ల మీద అదే గుర్తు ఉండాలి. కమిటీ అడిగింది వీణ, తామరపువ్వు, దీపం. నా తలలోనేమో నాగ్‌పాడా పాతసామాన్ల దుకాణంలో కొన్న ఒక పుస్తకం తిరుగుతోంది. జర్మనీలో ఎప్పుడో మూతబడిన డిజైను బడి గురించి. నిఘంటువు పక్కన పెట్టుకుని ఏడాది పాటు చదివాను. చతురస్రం, వృత్తం, త్రికోణం చాలు, పైపై సింగారం వద్దు, చేతిపనీ కళా వేరు కావు అన్నారు వాళ్లు. ఈ సంగతి రాళ్లు కొట్టి గోడలు కట్టడానికి తెలంగాణ నుంచి ఈ ఊరొచ్చిన మా తాతలకు చెప్పాలా? వాళ్లు చెక్కిన రాయి చతురస్రం. సున్నం మోసిన ఇనుప తట్ట, అదే గమేలా, పైనుంచి చూస్తే వృత్తం. గోడ నిటారుగా లేచిందో లేదో చూసే, తాడుకు వేలాడే తూకం గుండు త్రికోణం. నలుపు, ఎరుపు, పసుపు రంగుల్లో ఒక అట్ట మీద ఆ మూడే గీశాను.

చాళ్ వరండాలో మీటింగు. అధ్యక్షుడు రిటైరైన గుమాస్తా. అట్ట చూడగానే మొహం మాడ్చుకున్నాడు.

"మా అయ్య నెత్తిమీది గమేలా నా కోటు మీద పెట్టుకోవాల్నా? మంది నవ్వరా?"

"నవ్వేటోళ్లున్న బిల్డింగులు ఎవరు కట్టిండ్రు?" అన్నాను. గొంతు లేచింది. మా వీధి పేరు చెబితే పెదవి విరిచే ఊరిది. మేమే తల దించుకుంటే ఇక ఎవరు ఎత్తుతారు?

గడపలో బియ్యం ఏరుతున్న ఒక అవ్వ లేచి వచ్చింది. వయసులో ఉండగా సున్నం మోసిన మనిషి. అట్ట దగ్గరికి వంగి చూసింది.

"గమేలా మంచిగనే ఉన్నది బిడ్డా. తూకం గుండే తాగింది."

అందరూ గొల్లున నవ్వారు. పుస్తకంలోని పోస్టర్లలో గీతలన్నీ ఏటవాలుగా ఉండేవి. చూపుకు కదలిక కావాలని నేనూ గుండు తాడును వాల్చి గీశాను.

"అవ్వా, జర్మనీల గిట్లనే ఏస్తరు."

"జర్మనీల గోడలు వంకరగ కడ్తరా?"

ఆమె లోపలికి వెళ్లి పెనిమిటి గుండు తెచ్చి నా చేతికివ్వబోయింది. నాకు పట్టుకోవడం రాదు. బోర్డులు రాసేవాణ్ని. అధ్యక్షుడే అందుకున్నాడు. తాడు వేళ్లకు చుట్టి, ఒక కన్ను మూసి, నా అట్ట ముందు వదిలాడు. గుండు ఊగింది, ఆగింది. చిన్ననాడు అయ్య వెంట పనికి వెళ్లిన ఆ చేతికి ఎవరూ చెప్పనక్కరలేదు.

"రెండు వేళ్లు ఇటు జరుపు," అన్నాడు మెల్లగా. "మా అయ్య చూస్తే తిడ్తడు."

తాడు పక్కనే పెన్సిలుతో గీత గీశాను. నిటారైన గీతతో గుర్తు రాయిలా నిలబడింది. జర్మనీ వాళ్లు చెప్పింది అప్పుడు నాకు పూర్తిగా అర్థమైంది.

పండుగనాడు దాదర్ హాల్లో వేదిక వెనుక గోడంత ఎత్తున నా గుర్తు. అధ్యక్షుడు ఇస్త్రీ కోటుతో వచ్చి, బిళ్ల నా చేతిలో పెట్టి, ఛాతీ ముందుకు చాచాడు.

"నువ్వే పెట్టు. వంకర పోనియ్యకు."