కారు రోగం కనిపెట్టింది ఎవరు?

తిరుత్తణిలో మా వీధి ఏటవాలుగా ఉంటుంది. కారును ముక్కు పైకి ఉండేలా గంటసేపు నిలిపినా, అయిదారు సార్లు తాళం తిప్పితే గాని స్టార్టు కాదు. ముక్కు కిందికి ఉంటే వెంటనే అందుకుంటుంది. నెల రోజులు గమనించి ఈ మాట తిరువళ్లూరులోని మా మెకానిక్కుకు రెండుసార్లు చెప్పాను. అతను బ్యాటరీ మార్చి, నాకు నడపడం రాదన్నట్టు నవ్వి పంపాడు.

ఈ రోజు మా ఆయనను వెంటబెట్టుకుని వెళ్లాను. దారిలో నేను చెప్పిందే ఆయన అక్కడ అప్పజెప్పారు.

"ముక్కు పైకుంటేనే లేటయితా ఉండాది. కిందికుంటే ఏమీ లేదు."

మెకానిక్కు చేతిలో పని పక్కన పెట్టాడు. "అట్లయితే పెట్రోలు ట్యాంకులోకి వెనక్కి దిగిపోతా ఉండాది సార్. పంపులో వాల్వు పోయుంటాది. మీరు సరిగ్గా చెప్పినారు గాబట్టి తెలిసింది."

"నేను రెండు తూర్లు ఇదే చెప్పినాను గదన్నా," అన్నాను.

"మీరు స్టార్టు కాలేదని మాత్రం చెప్పినారు మేడం."

మా ఆయన ఏమైనా అంటారేమోనని చూశాను. టీ తాగుతూ మెకానిక్కు మాటకే తల ఊపారు.

వాల్వు మార్చాక ఇంటిముందు రెండు గంటలు ముక్కు పైకి నిలిపి చూశాం. ఒక్క తిప్పుకే స్టార్టయింది.

"చూసినావా, నేనొచ్చి చెప్తేనే పనయింది," అన్నారు మా ఆయన.

ఆ మాటలో అబద్ధం లేదు. నాకు మింగుడు పడనిది అదే. మీ ఇళ్లలో మీరు కనిపెట్టినవి ఎవరి పేరు మీద చెలామణి అవుతున్నాయో రాయండి.