అటక మీద చోటు

మా ఆయనకు ఆసక్తి లేని విషయం అంటూ లోకంలో ఏదీ లేదు. ఆయనతో వచ్చిన తంటా అదే. నిజాంపేటలో ఈ ఫ్లాటు కొనుక్కుని వచ్చినప్పటి నుంచి చూస్తున్నాను. ఒకసారి తబలా వచ్చింది, ఇంకోసారి రొట్టెలు కాల్చే ఓవెన్ వచ్చింది, ఆ తర్వాత బొమ్మలు వేసే రంగులూ వాటి వెనకాలే ఒక స్టాండూ వచ్చాయి. వచ్చిన కొత్తలో ప్రతిదానికీ కొత్తల్లుడికి జరిగే మర్యాదలన్నీ జరుగుతాయి. దాని గురించే చదువుతాడు, దాని వీడియోలే చూస్తాడు, ఆఫీసు బస్సులో పక్క సీటతనికి కూడా దాని సంగతే చెబుతాడు. తర్వాత ఏదో ఒక ఆదివారం స్టూలు వేసుకుని దాన్ని అటకెక్కిస్తాడు. పాపం, దేన్నీ పారెయ్యడు. పాత దుప్పటి కప్పి మరీ పెడతాడు.

నాకు కొత్తవాటి మీద మోజు తక్కువ. హైటెక్ సిటీలో ఒక కంపెనీలో టెస్టింగ్ చేస్తాను. వేరేవాళ్ళు రాసిన సాఫ్ట్‌వేర్‌లో తప్పులు పట్టడం నా పని. వంకలు పెట్టినందుకు జీతం తీసుకునేదాన్ని ఇంటికొచ్చి నోరు మూసుకోమంటే ఎలా కుదురుతుంది?

అయితే ఆ అటక వైపు చూసినప్పుడల్లా నాకు లోపల ఒక బెంగ ఉండేది. ఒకప్పుడు ఆయనకు నా మీద కూడా అలాంటి ఆసక్తే ఉండేది మరి. పెళ్ళికి ముందు ఇద్దరం ఒకే కంపెనీలో చేసేవాళ్ళం. ఆయన శేరిలింగంపల్లిలో పుట్టి పెరిగినవాడు. నేను గోదావరి కాలవ గట్టున ఉన్న ఊరి నుంచి వచ్చినదాన్ని. క్యాంటీన్‌లో ఎదురుగా కూర్చుని ఎన్ని ప్రశ్నలు వేసేవాడో! కాలవ ఎంత లోతుంటుంది, పడవలోకి సైకిల్ ఎలా ఎక్కిస్తారు, పులస పులుసులో మా అమ్మ బెండకాయలు ఎందుకు వేస్తుంది, అన్నీ కావాలి. నేను చెబుతుంటే చాయ్ తాగడం మర్చిపోయేవాడు, దాని మీద మీగడ కట్టేది. నా మాట అంత శ్రద్ధగా విన్నవాళ్ళు అంతకుముందు ఎవరూ లేరు. ఆ వినడానికే పడిపోయాను.

పెళ్ళయి ఏళ్ళు గడిచాయి. ప్రశ్నలు అయిపోయాయి. ఇప్పుడు నేనేదైనా చెప్పబోతే ఫోన్ చూస్తూ "ఊఁ" అంటాడు. ఒకరోజు ఒళ్ళు మండి అడిగేశాను.

"అటక మీద ఇంకా చోటుందా? నన్నెప్పుడు ఎక్కిస్తున్నావు?"

"ఏంది, పైన ఏం పెట్టాలె?" అన్నాడు.

ఆ రోజుల్లోనే మా హాల్లోకి చేపలొచ్చాయి. పెద్ద గాజుతొట్టె, అందులో నారింజ రంగు గోల్డ్‌ఫిష్‌లు. నాకు చేప అంటే పులుసే. శనివారాలు మా ఇంటికి వచ్చే మా అత్తగారూ అదే మాట అన్నారు.

"చేపల్ని పులుసు పెట్టుకుంటరు గాని గిట్ల సాదుకుంటరా బిడ్డా?"

అత్తాకోడళ్ళు ఏకమైన విషయం ఇదొక్కటేనని మా ఆయన వెక్కిరించాడు. ఆయన హడావిడి ఇంతా అంతా కాదు. తొట్టెలో ఒక చిన్న యంత్రం వేలాడదీశాడు. అది నీళ్ళ వేడినీ పులుపునీ కొలిచి ఫోనుకు పంపుతుంది. అంతా బాగుంటే పచ్చ గీత, తేడా వస్తే ఎర్ర గీత. ఆఫీసులో సర్వర్లను కనిపెట్టుకుని ఉన్నట్టే ఇక్కడ చేపల్ని కనిపెట్టుకుని ఉండేవాడు. తొట్టె ఎదురుగానే సోఫాలో కూర్చుని, తల ఎత్తకుండా, చేపలు బాగున్నాయని ఫోన్లో చూసి నాకు చెప్పేవాడు.

ఎండలు ముదిరేసరికి ఆయన మనసు నీళ్ళలోంచి ఆకాశానికి ఎగిరింది. ఇప్పుడు నక్షత్రాలు, గ్రహాలు, టెలిస్కోపు. మరి చేపలు? మా ఆఫీసుల్లో ఒక పద్ధతి ఉంది. ప్రాజెక్టు వదిలి వెళ్ళేవాళ్ళు ఆ తర్వాత వచ్చేవాళ్ళను కూర్చోబెట్టి పని అంతా విడమరిచి చెప్పి అప్పగించాలి. దాన్ని కేటీ అంటాం. మా ఆయన టీవీలో స్లైడ్లు పెట్టి మరీ నాకు చేపల మీద కేటీ ఇచ్చాడు. పెళ్ళిలో అప్పగింతలప్పుడు కూడా మావాళ్ళు నా గురించి అన్ని మాటలు చెప్పలేదు. ఆవలిస్తూ విన్నాను. చివర్లో డౌట్లు ఏమైనా ఉన్నాయా అని అడిగాడు.

"వీటిలో ఆడదేది, మగదేది?" అన్నాను.

ఆయనకు కోపం వచ్చింది. అది మొదట్లోనే చెప్పాడట.

ఆసక్తి లేకపోయినా మేత నేనే వేసేదాన్ని. నోరులేని జీవాలు కదా. పొద్దున్నే కుక్కర్ పెట్టి, చిటికెడు మేత చల్లి, అవి పైకొచ్చి తినేదాకా నిలబడేదాన్ని. ఏ చేప ఏదో నాకు ఇప్పటికీ తెలియదు. కాని ఒకటి తినకుండా మూలకు చేరిన రోజున ఆఫీసులో మీటింగ్ మధ్యలో కూడా అదే గుర్తొచ్చేది.

మే నెలలో ఒక శనివారం మధ్యాహ్నం గాలివాన వచ్చింది. ఎక్కడో చెట్టు కూలి తీగలు తెగి కరెంటు పోయింది. మాకు ఒక చిన్న ఇన్వర్టర్ ఉంది. దాని మీద ఒకటో రెండో లైట్లు, హాల్లో ఫ్యాను, పడకగదిలో ఫ్యాను, మా ఆయన కంప్యూటర్ టేబుల్ దగ్గరి ప్లగ్గులు నడుస్తాయి. అత్తయ్యతో సహా అందరం అన్నాలు తిని కునికిపాట్లు పడ్డాం. చాయ్ పెడదామని లేచి వెళ్తూ తొట్టె వైపు చూశాను. చేపలన్నీ పైకి తేలి నోళ్ళు తెరుచుకుని ఉన్నాయి. మేత కోసం వచ్చినప్పుడు అలా ఉండవు. ఊపిరాడక కొట్టుకుంటున్నాయి.

"ఇలా రా! చేపలు చచ్చిపోతున్నాయి!" అని అరిచాను.

మా ఆయన ఫోన్ చూసుకుంటూ వచ్చాడు. "అన్నీ గ్రీనే ఉన్నయి గదా?"

"అవి బతికేది నీళ్ళలోనా, నీ ఫోన్లోనా?"

అప్పుడు చూశాం. నీళ్ళలోకి గాలి కొట్టే పంపు ఆగిపోయి చాలాసేపయింది. దాని ప్లగ్గు మామూలు లైనులో ఉంది. వేడి కొలిచే యంత్రం, వైఫై డబ్బా మాత్రం ఆయన టేబుల్ దగ్గరి ఇన్వర్టర్ లైనులో ఉన్నాయి. కరెంటు పోయినా లెక్కలు ఆగకూడదని మా ఆయన ముందుచూపు. ఊపిరి సంగతి ఆయనకు తోచలేదు. అన్ని స్లైడ్లలోనూ కరెంటు పోతే ఏం చెయ్యాలన్న ముక్క ఒక్కటీ లేదు.

ఆయన ఏం చెయ్యాలో ఫోన్లో వెతకడం మొదలుపెట్టాడు. నేను వంటింట్లోకి పరిగెత్తి చెంబు తెచ్చాను. తొట్టెలో నీళ్ళే ముంచి, ఎత్తి, పైనుంచి ధారగా పోశాను. మళ్ళీ ముంచాను, మళ్ళీ పోశాను. చిన్నప్పుడు మా కాలవ గట్టు మీదుగా చేపపిల్లల్ని బిందెల్లో పెట్టుకుని సైకిళ్ళ మీద తీసుకెళ్ళేవాళ్ళు. మా అరుగు దగ్గర ఆగి మంచినీళ్ళు తాగుతున్నంతసేపూ వాళ్ళ చెయ్యి ఒకటి బిందెలో నీళ్ళను కొడుతూనే ఉండేది. చెయ్యి ఆగితే పిల్లలు దక్కవనేవాళ్ళు.

"ఇదంతా నీకు క్యాంటీన్‌లో చెప్పాను, గుర్తుందా?" అన్నాను చెంబు వంచుతూ.

"చెప్పినవా? యాదికి లేదు" అన్నాడు.

ఆ కథ ఆయన విన్నరోజు చల్లారిపోయిన చాయ్ నాకు ఇప్పటికీ గుర్తుంది. కాని అది తగువు పెట్టుకునే సమయం కాదు. ఇంకో చెంబు ముంచాను.

ఈలోగా అత్తయ్య కొంగు బిగించి వచ్చారు. "జర కూసో బిడ్డా, నేను పోస్త. చేతులు పడిపోతయి నీకు."

"మీకెందుకండీ అత్తయ్యా శ్రమ? చేపలే కదా."

"చేపలే. గాని నువ్వు రోజు బువ్వ పెడ్తున్నవ్. ఇగ ఇంట్ల పిల్లలే గదా" అని చెంబు లాక్కున్నారు.

మా ఆయన కూడా ఫోన్ పక్కన పడేశాడు. ముగ్గురం వంతులు వేసుకుని పోశాం. దీపాలు పెట్టేవేళకు కరెంటు వచ్చింది, పంపు గురగురమంది, చేపలు ఒక్కొక్కటే కిందికి దిగాయి. ఒక్కటీ చావలేదు. నాకు మాత్రం ఏడుపొచ్చింది. అవి బతికినందుకో, ఆయన యాదికి లేదన్నందుకో తెలియదు. రెండిటికీ అయ్యుంటుంది.

మర్నాడు ఆ పంపును ఇన్వర్టర్ లైనుకు మార్చడానికి ఎలక్ట్రీషియన్‌ను పిలిచాం. అతను బ్యాటరీ చూసి పెదవి విరిచాడు.

"బ్యాటరీ పాతగైంది సార్. దీని మీద ఇప్పటికే లోడ్ ఎక్కువున్నది. పడకగదిల ఫ్యాన్‌కు గోడ కొట్టి వేరే వైరు గుంజిండ్రు గదా, గా వైరు ఒక్కటి తీసేస్తే పంపు చానాసేపు నడుస్తది."

మా ఆయన సోఫాలో కూర్చుని ఫోన్లో శనిగ్రహం చూస్తున్నాడు. తల ఎత్తలేదు.

"అది ముట్టకు భయ్యా. ఆమెకు గాలి ఆడకుంటె నిద్ర రాదు. నా టేబుల్ లైను తీసెయ్."

"మరి మీ కంప్యూటర్ ఆగిపోతది సార్?"

"ఆగితే ఆగనియ్."

శనిగ్రహం గురించి చెప్పేటప్పుడు ఆయన గొంతులో ఉండే హుషారు ఆ మాటల్లో వీసమెత్తు లేదు. ఇంట్లో ఉప్పు అయిపోయిందని చెప్పినట్టు చెప్పాడు. నేను మాత్రం వంటింటి గుమ్మంలో గరిటె పట్టుకుని నిలబడిపోయాను.

"ఆ వైరు ఎప్పుడు లాగించావు?" అన్నాను.

"ఇల్లు తీస్కున్నప్పుడే. రంగులు ఎయ్యకముందు. ఎందుకు?"

"నాకు చెప్పలేదే?"

"అండ్ల చెప్పేదేమున్నది?"

ఇన్ని వేసవులుగా ఆ ఫ్యాను కింద పడుకున్నాను. కరెంటు పోయినా అది ఆగకపోతే బిల్డరు చేసిన ఏర్పాటే అనుకున్నాను. గాలి వస్తూనే ఉంటే ఎక్కణ్ణుంచి వస్తోందని ఎవరడుగుతారు? నేను చెప్పిన కథలు ఆయన మర్చిపోయిన మాట నిజం. ఆసక్తి ఉన్నన్నాళ్ళూ అడిగాడు, విన్నాడు, తర్వాత మరోవైపు తిరిగాడు. కాని ఆ మర్చిపోయిన మనిషే గోడ కొట్టించి, వైరు లాగించి, దాని మీద రంగు వేయించి ఊరుకున్నాడు. నేను కూడా ఆడా మగా తెలియని చేపల కోసం చేతులు పడిపోయేలా నీళ్ళు పోశాను కదా. ప్రశ్నలు కూడా వేస్తే ఇంకా బాగుండునని ఇప్పటికీ సణుగుతాను, అది వేరే సంగతి. ఆ రోజు మాత్రం కడుపు నిండిపోయింది.

సాయంత్రం ఆయన వేడి కొలిచే యంత్రాన్ని తొట్టెలోంచి తీసి, తుడిచి, పాత దుప్పటి ముక్కలో చుట్టాడు. నేను స్టూలు పట్టుకుంటే పైకెక్కాడు.

"పైన ఇంక జాగ ఉన్నదా?" అని తడుముకుంటూ అడిగాడు.

"బోలెడుంది. నా కోసమని అట్టేపెట్టిన చోటు కూడా నీకే ఇచ్చేశాను."

"నీదేమున్నది పైన?"

"ఏమీ లేదు" అన్నాను స్టూలు గట్టిగా పట్టుకుని. "నువ్వు చూసి దిగు."